వీడియో చూస్తూ ఇంట్లో సైకిలు తొక్కేవారికి



2020లో కరోనా వచ్చి అందరం ఇళ్ళలో ఉండిపోయిన నాటి నుంచి మన కుటుంబాల్లో చాలామంది ఇళ్ళకు ఒక కొత్త సామాను వచ్చింది. అదే కదలని సైకిలు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలు "అమ్మా, నాన్నా, బయటికి వెళ్ళకండి, ఇంట్లోనే తొక్కండి" అని కొని పంపించారు. కొన్నాళ్ళు తొక్కారు. తరువాత దాని హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరేశారు. గోడవంక చూస్తూ అరగంట ఒకే తీరున తొక్కడం ఎవరికైనా విసుగే కదా!

ఈమధ్య ఆ తువ్వాళ్ళు తీస్తున్నారు. ఫోనులో, టీవీలో యూట్యూబు పెట్టుకుంటే సైకిలు తొక్కించే వీడియోలు వస్తున్నాయి. తెర మీద ఒకరు సైకిలెక్కి, పాట పెట్టి, "ఇప్పుడు వేగంగా, ఇప్పుడు మెల్లగా" అని చెబుతుంటారు. ఒక మూల గడియారం సెకన్లు లెక్క పెడుతుంటుంది. పది నిమిషాలవి ఉన్నాయి, గంటవి ఉన్నాయి. ఇలా కాసేపు గట్టిగా, కాసేపు తేలికగా చేసే వ్యాయామాన్ని ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారు. ఓ.పి.లో బి.పి. చూసేటప్పుడు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. "సిస్టరుగారూ, ఆ వీడియో చూసి తొక్కవచ్చా? నాకు షుగరు ఉంది కదా, గుండెకు ఏమీ కాదా?"

తొక్కవచ్చు. చాలామందికి మేలే. అయితే ఆ వీడియోలో ఉన్న మనిషికి మీరెవరో తెలియదు. మీకు అరవై రెండేళ్ళని, ప్రొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నారని, మోకాలు నొప్పని తెలియదు. ఆరోగ్యంగా ఉన్న ముప్ఫై ఏళ్ళవారిని మనసులో పెట్టుకుని చేసిన వీడియోలే ఎక్కువ. సమయం చెప్పే పని వీడియోకి ఇవ్వండి. ఎంత గట్టిగా తొక్కాలన్నది మాత్రం మీ ఒళ్ళే చెప్పాలి. అది ఎలా వినాలో ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను.

ఇంటర్వెల్ అంటే ఏమిటి?

మనకు ఇంటర్వెల్ అంటే సినిమా హాల్లో సమోసా తినే సమయం. ఇక్కడ కూడా అర్థం దాదాపు అదే, మధ్యలో విరామం. బస్తా మోసే కూలీని చూడండి. లారీ దగ్గర నుంచి గోదాము దాకా బరువుతో వెళతాడు, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తాడు. ఆ ఖాళీ నడకలో ఊపిరి కూడదీసుకుంటాడు కాబట్టే రోజంతా మోయగలుగుతాడు. సైకిలు మీద కూడా అంతే. ఏకధాటిగా పది నిమిషాలు గట్టిగా తొక్కలేనివారు ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా తొక్కితే మొత్తం పది నిమిషాల గట్టి పని చేయగలుగుతారు. మధ్యలో కాళ్ళు తేరుకుంటాయి. గుండె మాత్రం వెంటనే చల్లబడదు, పని చేస్తూనే ఉంటుంది. దానికి ఆ మేరకు శిక్షణ దొరుకుతుంది.

ఇది మొదట పరుగు పందేలవారి పద్ధతి. 1930లలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గెర్ష్లర్ అనే కోచ్, రైండెల్ అనే గుండె డాక్టరు కలిసి దీన్ని ఒక క్రమంలో పెట్టారు. గెర్ష్లర్ శిష్యుడు హార్బిగ్ 1939లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సాధించాడు. వీడియోల్లో తరచుగా వినిపించే "టబాటా" అనే మాట జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి టబాటా పేరు. 1996లో ఆయన ప్రచురించిన పరిశోధనలో 20 సెకన్లు శక్తికొద్దీ తొక్కడం, 10 సెకన్లు విరామం, ఇలా ఏడెనిమిది సార్లు చేయించారు. మొత్తం నాలుగు నిమిషాలే. కానీ తొక్కినవారు ఆటలాడే కుర్రవాళ్ళు. "నాలుగు నిమిషాలే కదా" అని అరవై ఏళ్ళవారు ఆ వీడియోతో మొదలుపెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

రోగుల మీద కూడా పరిశోధనలు జరిగాయి. 2007లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో గుండె బలహీనపడిన వృద్ధులకు నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు తేలికగా, ఇలా నాలుగు సార్లు వ్యాయామం చేయించారు. మామూలు వ్యాయామం చేసినవారికన్నా వీరికి ఎక్కువ మేలు కనిపించింది. అది 27 మంది రోగులతో చేసిన చిన్న పరిశోధన. ఆ తరువాత యూరపులోని పలు ఆస్పత్రులు కలిసి 261 మందితో చేసిన పెద్ద పరిశోధన 2017లో వచ్చింది. అందులో ఇంటర్వెల్ పద్ధతి మామూలు వ్యాయామం కంటే మెరుగని తేలలేదు. దీని వల్ల మనం తెలుసుకోవలసిందేమంటే, మీకు రోజూ నిదానంగా అరగంట తొక్కడమే బాగుంటే అలాగే తొక్కండి. వీడియో చూడకపోవడం వల్ల మీకు నష్టమేమీ లేదు. ఇంటర్వెల్ వల్ల లాభం సమయం కలిసిరావడం, విసుగు లేకపోవడం. విసుగు లేకపోతే మానకుండా చేస్తారు. మాకు కావలసింది అదే.

షుగరు ఉన్నవారికి ఒక ప్రత్యేక లాభం ఉంది. ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. మామూలుగా రక్తంలోని చక్కెర కండరంలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. కండరం కదిలి పని చేసేటప్పుడు మాత్రం తాళంచెవి లేకపోయినా పెరటి తలుపు తెరుచుకున్నట్టు చక్కెర లోపలికి పోతుంది. ఆ మేలు తొక్కడం ఆపాక కూడా ఒకటి రెండు రోజులుంటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని షుగరు డాక్టర్లు చెబుతారు. 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు ఎనిమిది మంది షుగరు రోగులతో సైకిలు మీద ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం విరామంగా పదిసార్లు తొక్కించారు. రెండు వారాల్లో ఆరుసార్లు తొక్కేసరికి వారి సగటు షుగరు తగ్గింది.

ముందు డాక్టరుగారిని అడగవలసినవారు

నడిస్తే, మెట్లెక్కితే గుండెలో పట్టేసినట్టు ఉండేవారు, గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు తమను చూసే డాక్టరుగారి మాట లేకుండా ఇంటర్వెల్ వీడియో జోలికి పోకూడదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి వాల్వు దెబ్బతిన్నవారు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు, వారూ అంతే. బి.పి. 180/110 దగ్గర ఉంటే ముందు అది అదుపులోకి రావాలి. షుగరు వల్ల కంటి వెనుక నరాల్లో రక్తస్రావం అయినవారు, లేజర్ చేయించుకున్నవారు కంటి డాక్టరుగారిని అడగాలి. గట్టిగా బిగబట్టి చేసే శ్రమ వల్ల ఆ నరాలు మళ్ళీ చిట్లే ప్రమాదం ఉంది. పాదం మీద పుండు ఉన్నవారు అది మానేదాకా ఆగాలి. గర్భిణీలు, ఈమధ్యనే ఆపరేషన్ అయినవారు, జ్వరం నుంచి లేచినవారు కూడా తొందరపడకూడదు.

ఆడవారికి ఇంకొక మాట. మెల్లగా తొక్కినా రెండు నిమిషాలకే ఆయాసం వస్తుంటే "నాకు అలవాటు లేదు" అని సరిపెట్టుకోకండి. రక్తం తక్కువగా ఉందేమో పరీక్ష చేయించుకోండి. మా దగ్గరికి వచ్చే అమ్మలలో చాలామందికి ఉన్న ఇబ్బంది అది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండగా గుండెను పరుగెత్తించడం వల్ల ప్రయోజనం లేదు.

సీటు, ఫ్యాను, చీర కుచ్చిళ్ళు

సీటు ఎత్తు సరిచూసుకోండి. సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెట్టి క్రిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. తరువాత పాదం ముందు భాగాన్ని పెడలు మీద పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు మరీ క్రిందికుంటే మోకాలు చిప్ప వెనుక నొప్పి మొదలవుతుంది. నెలరోజులకు "సైకిలు నాకు పడలేదు" అంటారు. పడనిది సైకిలు కాదు, సీటు. నడుము నొప్పి ఉన్నవారికి, బాగా పెద్దవారికి వెనుక ఆనుకునే కుర్చీలాంటి సీటున్న సైకిలు మంచిది.

బట్టల విషయం నవ్వులాట కాదు. చీర కొంగు, చున్నీ, నైటీ అంచు పెడల్లోనూ చక్రంలోనూ చుట్టుకుంటాయి. పంజాబీ డ్రస్సు వేసుకుని చున్నీ తీసి పక్కన పెట్టండి. షుగరు ఉన్నవారు ఉత్త కాళ్ళతో తొక్కకండి. మేజోళ్ళు, బూట్లు వేసుకోండి, దిగాక పాదాలు తిప్పి చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి పెడలు గీరుకున్నా తెలియదు.

జిమ్ముల్లో ఉండేలాంటి బరువైన చక్రం సైకిళ్ళు కొన్నింట్లో మీరు కాళ్ళు ఆపినా పెడళ్ళు ఆగవు, చక్రం ఊపుతో తిరుగుతూనే ఉంటాయి. హఠాత్తుగా కాళ్ళు తీస్తే పిక్కకు కొట్టుకుంటాయి. అలాంటిదైతే ముందుగా బ్రేకు ఎక్కడుందో చూసుకోండి. మనుమలు, మనుమరాళ్ళు ఉన్న ఇంట్లో తొక్కేటప్పుడు పిల్లలను గది బయట ఉంచండి. తిరిగే చక్రంలో వేలు పెట్టిన పిల్లలకు మేము కుట్లు వేశాం.

బయట తొక్కితే గాలి తగులుతుంది. గదిలో మీరు ఎంత తొక్కినా ముందుకు కదలరు కాబట్టి గాలి లేదు, ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. ఫ్యాను ఎదురుగా ఉండాలి. మన ఎండాకాలంలో ఉదయం ఏడులోపే ముగించండి. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే ఆ రోజుకు మెల్లగా తొక్కి దిగండి. నీళ్ళు దగ్గర పెట్టుకుని గుక్క గుక్కగా త్రాగండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్ళ లెక్క చెప్పినవారు ఆ లెక్కలోనే ఉండాలి.

వీడియోను ఎలా వాడుకోవాలి?

మొదటిసారి సైకిలెక్కి వీడియో పెట్టకండి. కుర్చీలో కూర్చుని ఒకసారి చివరిదాకా చూడండి. ఎన్ని నిమిషాల వార్మప్, ఎన్ని సెకన్ల వేగం, ఎన్ని సెకన్ల విరామం, ఎన్నిసార్లు, చివర చల్లబడే సమయం ఎంత, ఇవి కాగితం మీద వ్రాసుకోండి. మొదట్లో ఐదు నిమిషాల వార్మప్ లేని వీడియో, చివర మెల్లగా తొక్కించని వీడియో మనకు పనికిరావు. ఎంత పేరున్నదైనా సరే. మధ్యలో ప్రకటనలు వస్తే లెక్క తప్పుతుంది. అప్పుడు కంగారుపడి వేగం పెంచకండి, ప్రకటన ఉన్నంతసేపు మెల్లగా తొక్కుతూ ఉండండి. కొంతకాలానికి ఆ కాగితం గోడకు అంటించుకుని, గడియారం చూస్తూ, మీకు నచ్చిన పాటలు పెట్టుకుని తొక్కవచ్చు. నెట్టు లేని రోజు కూడా పని ఆగదు.

ఫోను హ్యాండిలు మీద పెట్టి మెడ వంచి చూడకండి. కంటికి ఎదురుగా ఉండేలా బల్ల మీద పెట్టండి.

వీడియోల్లో వాడే మాటలు కొన్ని తెలుసుకుంటే మంచిది. రెసిస్టెన్స్ అంటే చక్రం ఎంత టైటుగా ఉందన్నది. దాన్ని మర తిప్పి పెంచుతారు, తగ్గిస్తారు. కేడెన్స్ లేదా ఆర్.పి.ఎమ్. అంటే నిమిషానికి పెడలు ఎన్ని చుట్లు తిరిగిందన్నది. వీడియోలో 90, 100 అంటారు. కొత్తవారికి 60, 70 చాలు. బాగా లూజుగా పెట్టి వేగంగా తొక్కితే సీటు మీద ఎగిరెగిరి పడతారు. బాగా టైటుగా పెడితే మోకాళ్ళకు దెబ్బ. వాట్లు, ఎఫ్.టి.పి. అనే మాటలు వస్తే పట్టించుకోనవసరం లేదు. ఎఫ్.టి.పి. అంటే ఒక మనిషి సుమారు గంటసేపు నిలబెట్టుకోగల శక్తి. పందేలకు తయారయ్యేవారు ఆ లెక్క చూసుకుంటారు. "సీటు మీద నుంచి లేచి తొక్కండి" అన్నప్పుడు కూర్చునే ఉండండి. తెర మీద అమ్మాయి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తుంటుంది. ఆ అరుపు మిమ్మల్ని తొందరపెడుతుంటే శబ్దం తీసేసి అంకెలు మాత్రం చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆర్.పి.ఇ. అనే మాట. అంటే మీకు ఎంత కష్టంగా అనిపిస్తోందన్నది. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కొలత తయారు చేశారు. సున్నా అంటే ఊరకే కూర్చోవడం, పది అంటే ఇక నావల్ల కాదనడం. దీనిని మాటతో పరీక్షించుకోవచ్చు. తొక్కుతూ పాట పాడగలిగితే తేలిక, మూడు లోపు. మాట్లాడగలరు కానీ పాడలేరంటే మధ్యరకం, నాలుగు ఐదు. మూడు నాలుగు మాటలకు ఊపిరి అందక ఆగవలసి వస్తే గట్టి, ఏడు దాకా. మనవారికి వేగం భాగంలో ఆరు చాలు, అలవాటయ్యాక ఏడు. విరామంలో రెండు మూడుకు దిగాలి. విరామం అయిపోయినా మాట రానంత ఆయాసం ఉంటే తరువాతి వేగం వదిలేయండి. వీడియో దాని దారిన అది పోతుంది, మీరు మెల్లగా తొక్కుకోండి.

మరి నాడి అంకె చూడవచ్చా? 220లో నుంచి వయసు తీసేస్తే గుండె గరిష్ట వేగం వస్తుందని వీడియోల్లో చెబుతారు. అరవై ఏళ్ళవారికి 160 అన్నమాట, అందులో 85 శాతమంటే 136. ఇది అందరికీ కలిపి వేసిన ఉజ్జాయింపు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా రావచ్చు. పైగా బి.పి.కో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవారికి ఈ లెక్క అసలు వర్తించదు. ఆ మాత్రల పనే గుండె వేగాన్ని తగ్గించి పట్టుకోవడం. వారు ఎంత తొక్కినా 136 రాకపోవచ్చు. "ఇంకా రాలేదే" అని చేతి గడియారం చూసుకుంటూ బలవంతాన తొక్కితే ప్రమాదం. మీ మాత్రల అట్ట వెనుక చిన్న అక్షరాల్లో మందు పేరు చివర "లాల్" అని ఉందేమో చూడండి. ఉంటే అంకెలు వదిలేసి మాట పరీక్షే వాడండి.

ఏ వారం ఎంత?

మొదటి రెండు వారాలు వీడియో వద్దు. వారానికి ఐదు రోజులు పావుగంట, ఇరవై నిమిషాలు మాట్లాడుతూ తొక్కండి. మూడవ వారం నుంచి ఐదు నిమిషాలు మెల్లగా, తరువాత అర నిమిషం కొంచెం వేగంగా, నిమిషంన్నర మెల్లగా, ఇలా ఆరుసార్లు, చివర ఐదు నిమిషాలు మెల్లగా. మొత్తం 22 నిమిషాలు. రెండు వారాలు ఇలా గడిచాక ఒక నిమిషం వేగం, రెండు నిమిషాలు మెల్లగా, ఆరుసార్లు. రెండు నెలలకు ఒక నిమిషం వేగం, ఒక నిమిషం మెల్లగా చేయగలిగితే చాలా బాగా వచ్చినట్టే.

ఈ లెక్కకు సరిపోయే వీడియో దొరకకపోవచ్చు. అప్పుడు ఒక ఉపాయం ఉంది. వీడియోలో రెండుసార్లు వేగం వచ్చినప్పుడు మీరు ఒక్కసారే వేగంగా తొక్కండి, రెండవది మెల్లగా దాటించండి. అర నిమిషం వేగం, అర నిమిషం విరామం ఉన్న వీడియో ఇలా చేస్తే మీకు అర నిమిషం వేగం, నిమిషంన్నర విరామం అవుతుంది.

ఇంటర్వెల్ వారానికి రెండు మూడు రోజులకు మించకూడదు, అవి వరుస రోజులు కాకూడదు. మిగతా రోజులు నడక. మధ్యరకం వ్యాయామమైతే వారానికి 150 నుంచి 300 నిమిషాలు, గట్టిదైతే 75 నుంచి 150 నిమిషాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రెండూ కలిపి కూడా చేయవచ్చు.

షుగరు ఉన్నవారు తప్పక చదవవలసినది

రిటైరైన ఒక మాస్టారుగారిని కుటుంబసభ్యులు మా క్యాజువాల్టీకి తీసుకువచ్చారు. ప్రొద్దున మాత్ర వేసుకుని, "వచ్చి తింటానులే" అని ఇడ్లీ తినకుండా సైకిలెక్కారు. ఇరవై నిమిషాల వీడియో. బనియను తడిసిపోయింది. "ఏమండీ, ఇవాళ బాగా చెమట పట్టిందే" అని భార్య సంతోషించింది. ఆయన ఏదో పొంతన లేని మాట అన్నారు, దిగబోయి కూలబడ్డారు. పరీక్ష చేస్తే షుగరు 48. సూదిమందుతో గ్లూకోజు ఎక్కించాక లేచి కూర్చున్నారు. అదృష్టవశాత్తూ తలకు దెబ్బ తగలలేదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, షుగరు పడిపోతే వచ్చే గుర్తులు చెమట, దడ, నీరసం, వణుకు. గట్టిగా సైకిలు తొక్కినా వచ్చేవి అవే. రెంటికీ తేడా పక్కనున్నవారికి తెలియదు, మీకూ తెలియదు. పైన చెప్పిన "లాల్" మాత్రలు వేసుకునేవారికి దడ, వణుకు కూడా అంతగా తెలియవు. అందువల్ల ఊహించడం కాదు, మిషనుతో చూసుకోవాలి.

ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారు తొక్కే ముందు షుగరు చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండో రెండు మూడు బిస్కెట్లో తిని, కాసేపాగి, పెరిగిందని చూసుకుని మొదలుపెట్టండి. 250 దాటి ఉండి ఒంట్లో బాగాలేకపోతే, వాంతి వచ్చేట్టుంటే తొక్కకుండా డాక్టరుగారికి చూపించండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు పడిపోయే ప్రమాదం తక్కువ. ఇన్సులిన్ తొడకు వేసుకుని వెంటనే తొక్కితే మందు త్వరగా రక్తంలో కలిసిపోతుంది, ఆ రోజుల్లో పొట్టకు వేసుకోండి. సాయంత్రం గట్టిగా తొక్కితే ఆ రాత్రి నిద్రలో షుగరు పడిపోవచ్చు. కాబట్టి ఉదయం టిఫిన్ చేసిన గంట, గంటన్నరకు తొక్కడం మంచిది. శ్రమకాలంలో గాని, ఇతర రోజుల్లో గాని ఉపవాసం ఉన్నప్పుడు ఇంటర్వెల్ పెట్టుకోకండి. ఉపవాసంలో మాత్ర, ఇన్సులిన్ సంగతి కూడా ముందే డాక్టరుగారితో మాట్లాడుకోవాలి.

కొందరికి ఉల్టాగా, గట్టిగా తొక్కిన వెంటనే చూస్తే షుగరు ముందుకంటే పెరిగి కనిపిస్తుంది. భయపడవద్దు. గట్టి శ్రమలో కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. అది గంట రెండు గంటల్లో దిగుతుంది. దాన్ని చూసి అదనంగా ఇన్సులిన్ వేసుకుంటే తరువాత పడిపోతుంది.

షుగరు 70 కంటే తగ్గితే ఆపి, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగండి. పావుగంట తరువాత మళ్ళీ చూడండి. తగ్గే ఉంటే మళ్ళీ త్రాగండి. లడ్డూ, చాక్లెట్టు అప్పటికి పనికిరావు, అందులోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. వోగ్లిబోజ్, అకార్బోజ్ అనే మాత్రలు వాడేవారికి పంచదార కూడా త్వరగా పనిచేయదు. వారు గ్లూకోజు పొడి డబ్బా సైకిలు దగ్గరే ఉంచుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి. ఈ కారణం చేతనే మొదటి నెల ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియపెట్టి తొక్కవద్దంటాను.

ఎప్పుడు ఆపాలి?

గుండెలో బరువు, నొక్కినట్టు, మంట, ఎడమ చేతికో దవడకో వీపుకో లాగడం, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది వచ్చినా ఆపండి. నొప్పి, బరువు ఐదు పది నిమిషాల్లో తగ్గకపోతే 108. ఆడవారికి, షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట, పొట్ట పైభాగంలో ఇబ్బంది, ఇంతే ఉండవచ్చు. "గ్యాసు" అని సోడా త్రాగి పడుకోకండి.

ఇలాంటి గుర్తులేమీ లేకపోతే మటుకు హఠాత్తుగా దిగకూడదు. వేగంగా తొక్కేటప్పుడు రక్తమంతా కాళ్ళలో ఉంటుంది, పిక్కలు పిండి దాన్ని పైకి పంపుతుంటాయి. టక్కున ఆపి నిలబడితే తలకు రక్తం అందక పడిపోతారు. బి.పి. మాత్రలు వేసుకునేవారికి ఇది ఇంకా ఎక్కువ. ఐదు నిమిషాలు లూజుగా తొక్కి, సీటు మీదే ఒక నిమిషం కూర్చుని అప్పుడు దిగండి.

వయసులో ఉన్న పిల్లలకూ ఒక హెచ్చరిక. ఎప్పుడూ తొక్కనివారు మొదటిరోజే గంట వీడియోతో పోటీపడితే తొడ కండరాలు చితికి, అందులోని పదార్థం మూత్రపిండాలను దెబ్బ తీసే జబ్బు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తొడలు విపరీతంగా నొప్పి, వాపు, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం దాని గుర్తులు. అలా వస్తే నొప్పి మాత్ర మింగి పడుకోకుండా అదే రోజు ఆస్పత్రికి రావాలి. ఆ నొప్పి మాత్రలు కిడ్నీకి ఇంకా చెరుపు చేస్తాయి.

సైకిలు పక్కన ఒక చిన్న నోటు పుస్తకం ఉంచండి. తేదీ, ముందు షుగరు, తరువాత షుగరు, ఎన్ని రౌండ్లు, మాట పరీక్షలో ఎంత, ఇంతే వ్రాయండి. తరువాత చెకప్‌కు వచ్చేటప్పుడు మందుల చీటీతోపాటు తీసుకురండి. రెండు నెలలు క్రమంగా తొక్కినవారిలో కొందరికి మాత్ర మోతాదు తగ్గించవలసి వస్తుంది. ఆ పుస్తకం చూసి డాక్టరుగారు నిర్ణయిస్తారు. మీ అంతట మీరు మాత్ర తగ్గించవద్దు, మానవద్దు.